మాలతి మెలేసిన తీగ

బిజినేపల్లిలో వనపర్తికి పోయే రోడ్డు మీద మాలతి ట్రేడర్స్ అని ఒక దుకాణం ఉంది. ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు, ఇనుప సామాను అన్నీ దొరుకుతాయి. బోర్డు మీద ఉన్న పేరు మాలతిదే గానీ దుకాణం ఆమె భర్త శ్రీనాథ్‌ది. ఆ బోర్డు పైన ఇంకో బోర్డు, దానికన్నా కొత్తది, దానికన్నా పెద్దది, ఈ మధ్యనే వెలిసింది. 'జీవదయ సేవా సంఘం, వ్యవస్థాపక అధ్యక్షులు శ్రీనాథ్ గారు' అని దాని మీద రాసి ఉంటుంది. అక్షరాల పక్కన శ్రీనాథ్ ఒక లేగదూడ తల నిమురుతూ నవ్వుతుంటాడు. ఆ దూడ ఎవరిదో, ఫోటో అయ్యాక దానికి పిడికెడు గడ్డి ఎవరైనా వేశారో లేదో ఆయనకు తెలియదు. తనను తాను 'గారు' అని రాయించుకున్న మనిషికి అంత చిన్న విషయాలు గుర్తుండవు.

మధ్యాహ్నం పూట ఆయన ఇంటికి పోయి తిని కునుకు తీస్తాడు. ఆ వేళ దుకాణంలో మాలతి కూర్చుంటుంది. పల్లి చేన్లలో కాయ పట్టే రోజులు వచ్చాయంటే, ఆ వేళ దుకాణానికి వచ్చే రైతుల్లో సగం మంది అడిగేది ఒకటే.

"పందులకు తీగ గావాలె మాలతమ్మా."

అడవిపందుల సంగతి ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ఒక్క మంద చేనులో దిగితే తెల్లారేసరికి దున్ని పోసినట్టు ఉంటుంది. అందుకని గట్ల వెంబడి ఉచ్చులు వేస్తారు. చట్టం ఒప్పుకోదని వేసేవాళ్లకూ తెలుసు, అమ్మేవాళ్లకూ తెలుసు. మాలతి బండి క్లచ్చు వైరులాంటి సన్నటి ఉక్కు తీగను చుట్టలోంచి లాగుతుంది, మూరలతో కొలుస్తుంది, కటింగ్ ప్లేయర్‌తో తెంపుతుంది. అంతటితో ఊరుకోదు. తీగ ఒక కొసను వంచి చిన్న కన్నులాగా చేసి, గట్టిగా మెలేసి ఇస్తుంది. రెండో కొసను ఆ కన్నులోంచి దూర్చితే ఉచ్చు తయారు. లాగిన కొద్దీ బిగుసుకుంటుందే గానీ వదులు కాదు. మిగతా దుకాణాల్లో తీగ అమ్మి చేతులు దులుపుకుంటారు. కన్ను వేసి ఇచ్చే మర్యాద మాలతి ట్రేడర్స్‌లోనే ఉంది. తీరిక దొరికినప్పుడు ఆమె ముందుగానే కొన్ని ముక్కలకు కన్నులు వేసి, కౌంటరు వెనక మేకుకు తగిలించి పెడుతుంది. అడిగినవాళ్లకు తీసివ్వడం తేలిక.

మాలతిది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు తల్లి ఎన్నిసార్లు కొట్టినా మారలేదు. అందుకే ఆమె వేసిన మెలిక అందరి మెలికల్లాగా కుడికి తిరగదు, ఎడమకు తిరుగుతుంది. రైతులు దాన్ని చూసి నవ్వేవాళ్లు. "నీ చేతి తీగ యాడున్నా గుర్తుపట్టొచ్చు మాలతమ్మా" అనేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. అందులో తప్పేముందని ఆమెకు ఏనాడూ తోచలేదు. ఆ తీగకు పంది ఒక్కటే పడుతుందా అని ఆమె అడగలేదు. శ్రీనాథ్ అడగలేదు. పల్లీలు వేయించుకుని తినే మనమూ అడగలేదు.

అట్లాంటి ఒక మధ్యాహ్నం అంజయ్య వచ్చాడు. గుట్ట కింద కౌలుకు చేను పట్టి పల్లి వేసిన రైతు అతను. బండి దిగి, వెనక కట్టిన గోనెసంచిని రెండు చేతులతో ఎత్తుకుని వచ్చి కౌంటరు ముందు దించాడు. సంచిలోంచి గోధుమరంగు కుక్క తల బయటికి వచ్చింది. ఊరకుక్క. అరవడం లేదు, మూలగడం కూడా లేదు. వెనక కాలికి తీగ ఒకటి మాంసంలోకి దిగిపోయి ఉంది. దాని చుట్టూ ఉబ్బి, నల్లబడి, వాసన వస్తోంది.

"రోడ్డు మీద పడి ఉండె మాలతమ్మా" అన్నాడు అంజయ్య, ఆమె మొహం చూడకుండా. "నాకేం తోచలే. మీ బోర్డు యాదికొచ్చింది. జీవదయ అని రాసుకున్నరు గదా, ఏమన్న చేస్తరేమో అని తెచ్చిన."

మాలతి భర్తకు ఫోన్ చేస్తే నిద్రలో ఉన్న గొంతుతో "సాయంత్రం చూద్దాం లే" అన్నాడు. ఆమె సాయంత్రం దాకా ఆగలేదు. దుకాణానికి తాళం వేసి, ఆటో పిలిపించి, అంజయ్యను వెంటబెట్టుకుని నాగర్‌కర్నూల్ పశువుల దవాఖానకు పోయింది. అక్కడి డాక్టరు కల్పన వయసులో చిన్నదే గానీ చేతిలో పనితనం ఉన్న మనిషి. మత్తు సూది ఇచ్చి, తీగను జాగ్రత్తగా కత్తిరించి, పట్టకారుతో బయటికి లాగి పళ్లెంలో వేసింది.

పళ్లెంలో పడ్డ తీగకు చిన్న కన్ను ఉంది. దాని మెలిక ఎడమకు తిరిగి ఉంది.

మాలతి దాన్ని చూసింది. మొదట అది ఇంకెవరిదో అని అనుకోవడానికి చాలా ప్రయత్నం చేసింది. ఆ తరవాత తన ఎడమ చేతిని చీర కొంగులో దాచుకుంది. పక్కనున్న అంజయ్య తల వంచుకుని గోడ వైపు తిరిగాడు.

"కాలు బొక్క ఇరిగింది అక్కా" అంది కల్పన చేతులు కడుక్కుంటూ. "పట్నంల పెద్ద దవాఖాన్ల రాడ్ ఏస్తే కాలు నిలుస్తది. పెద్ద ఖర్చే, మన దగ్గర ఆ సౌలతు లేదు. నేను రోజూ కట్టు మార్చి సూదులిస్త. గానీ ఆలస్యం చేయొద్దు. చీము పైకి పాకిందంటే కాలు తీసేసుడే. ఇంకా జాగు చేస్తే పానానికే వస్తది."

తిరిగి వస్తుంటే ఆటోలో అంజయ్య తనంతట తానే చెప్పాడు. "రోడ్డు మీద దొరకలే మాలతమ్మా. మా చేన్లనే పడ్డది. పొద్దుగాల పోయి చూస్తే గుంజుకోని గుంజుకోని అలిసిపోయి పండుకోని ఉంది. నువ్వు మెలేసిచ్చిన తీగనే."

"తెలిసింది అన్నా" అంది మాలతి. కుక్కను ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టింది.

సాయంత్రం శ్రీనాథ్ కుక్కను చూశాడు. జాలిపడ్డాడనే చెప్పాలి, ఎందుకంటే వెంటనే రంజిత్‌కు ఫోన్ చేశాడు. రంజిత్ బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు కొట్టే దుకాణం నడుపుతాడు. జీవదయ సేవా సంఘానికి కార్యదర్శి కూడా అతనే. ఫ్లెక్సీలు కొట్టేవాడే కార్యదర్శి అయితే సేవ ఎంత చురుగ్గా సాగుతుందో చెప్పనక్కరలేదు. వచ్చీరాగానే కుక్కకు అటునుంచి ఇటునుంచి ఫోటోలు తీశాడు. కట్టు తెల్లగా ఉందని, నెత్తురు కనిపిస్తే బాగుండేదని నొచ్చుకున్నాడు. దానికి లక్కీ అని పేరు కూడా పెట్టాడు.

పొద్దు గూకకముందే పోస్టరు ఫోన్లలో తిరగడం మొదలైంది. పైన శ్రీనాథ్ నిలువెత్తు బొమ్మ, చేతులు జోడించి. కింద మూలకు కుక్క, తపాలా బిళ్లంత. 'గుర్తు తెలియని కసాయివాళ్ల ఉచ్చుకు బలైన మూగజీవి. మీ చేయూతే లక్కీకి ఊపిరి' అని రాసి ఉంది. ఆ కసాయివాళ్లు ఎవరో మాలతికి గుర్తు తెలుసు. ఆమె భర్త చేతిలోని ఫోన్‌ను కిందికి వంచి అడిగింది.

"ఆ తీగ మన దుకాణంలదే. ఆ కన్ను నేను మెలేసిన. మీకు తెల్వదా?"

శ్రీనాథ్ కొంచెంసేపు ఆలోచించాడు. ఆలోచించాడు అంటే, ఈ మాట ఇంకెవరి చెవినైనా పడిందా అని చుట్టూ చూశాడు.

"మనం తీగ అమ్మినం. కుక్కను పట్టుమని చెప్పినమా? కత్తి అమ్మినోడు కూరగాయలకని అమ్ముతడు. నువ్వు అనవసరంగ దిమాక్ ఖరాబ్ చేసుకోకు."

"మరి కన్ను ఎందుకు ఏసిస్తున్నం? కూరగాయలకా?"

ఇట్లాంటి ప్రశ్న ఎదురైనప్పుడు మంచి మనుషులు చేసే పనే ఆయనా చేశాడు. ఫోన్ తీసుకుని, వచ్చిన చందాలకు దండాలు పెట్టడంలో మునిగిపోయాడు.

చందాలు బాగానే వచ్చాయి. గద్వాల నుంచి, వనపర్తి నుంచి, పట్నంలో ఉద్యోగాలు చేసుకునే ఈ మట్టి పిల్లల నుంచి, కుక్క మొహం చూసి మనసు కరిగిన ఎవరెవరో పంపారు. వాళ్లను అనడానికేమీ లేదు, వాళ్లు ఇచ్చింది నిజంగా కుక్క కోసమే ఇచ్చారు. ఆపరేషన్‌కు సరిపోయే డబ్బు మరునాటికే సంఘం ఖాతాలో చేరింది. మాలతి పొద్దున్నే కుక్కను పట్నం తీసుకుపోవడానికి పాత దుప్పటి మడిచి సిద్ధం చేసుకుంది.

"గట్ల ఎట్ల పోతం?" అన్నాడు శ్రీనాథ్. "ఇంతమంది ఇచ్చిన పైసలు చాటుగ ఖర్చు పెడితే మనల్ని దొంగలంటరు. అందరి ముంగట చెక్కు అందియ్యాలె. ముఖ్య అతిథి వస్తుండు. దుకాణం ముంగట శామియానా ఏస్తున్నం."

"ఎప్పుడు?"

"ఆదివారం."

"డాక్టరమ్మ ఆలస్యం చేయొద్దన్నది."

"రెండు రోజులల్ల కుక్క యాడికి పోతది మాలతీ? నడవను గూడ రాదు దానికి." ఇది చమత్కారమని ఆయన ఉద్దేశం.

ఆదివారం రానే వచ్చింది, ముఖ్య అతిథి రాలేదు. గద్వాలలో ఎవరిదో పెళ్లి ఉందట. కార్యక్రమం బుధవారానికి మారింది. బుధవారం ఆయన మల్దకల్ వెంకటేశ్వరస్వామి దర్శనానికి పోయాడు. దేవుడికన్నా కుక్క ఎక్కువా అని రంజిత్ అందరినీ అడిగాడు. ఎక్కువని ఎవరూ అనలేదు కాబట్టి మళ్లీ ఆదివారానికి మార్చారు. మారినప్పుడల్లా తేదీ మార్చి కొత్త ఫ్లెక్సీ కొట్టాల్సి వచ్చింది, దానికయ్యే ఖర్చు సంఘమే భరించింది. రంజిత్ ఆ కష్టాన్ని ఓపికగా సహించాడు.

ఆ రోజులన్నీ మాలతి కుక్కను ఆటోలో నాగర్‌కర్నూల్ తీసుకుపోయి కట్టు మార్పించి తెస్తూనే ఉంది. ఒకరోజు కల్పన కట్టు విప్పి చూసి, చీము పైకి పాకిన చోటును వేలితో చూపించింది. "ఎందుకు తీస్కపోలే అక్కా? పైసలు వచ్చినయి అని నా ఫోన్ల గూడ చూసిన" అంది. ఫంక్షన్ ఉందని చెప్పడానికి మాలతికి నోరు రాలేదు. భర్త మాట కాదని పట్నం దాకా పోయిన అలవాటు ఆమెకు లేదు. డబ్బు అడిగి తీసుకోవడమే తప్ప చేతిలో ఉంచుకున్న అలవాటూ లేదు. ఆ రోజు ఆటోలో కుక్క ఆమె ఎడమ చేతిని నాకింది. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది, ఆ తరవాత భర్త మీద వేసింది, ఇంటికి చేరేసరికి శామియానా గుంజల మీద కూడా వేసింది.

ఆదివారం ముఖ్య అతిథి వచ్చాడు. ఆయన పేరు మనకు అనవసరం, ఆయన లేని సభ ఆ చుట్టుపక్కల జరగదు కాబట్టి మీరు చూసే ఉంటారు. దుకాణం ముందు రోడ్డు దాకా కుర్చీలు వేశారు. వేదిక మీద ఒక్కొక్కరికీ శాలువా కప్పారు. ముఖ్య అతిథికి శ్రీనాథ్ కప్పాడు, శ్రీనాథ్‌కు రంజిత్ కప్పాడు, రంజిత్‌కు ముఖ్య అతిథి కప్పాడు. ఒకరికొకరు కప్పుకుని చప్పట్లు కొట్టుకున్నాక, జంతువుల మీద ప్రేమ గురించి ఉపన్యాసాలు మొదలయ్యాయి. ముఖ్య అతిథి చిన్నప్పుడు వాళ్లింట్లో ఉన్న ఎద్దుల గురించి చాలాసేపు చెప్పాడు. ఎండ పెరిగింది. శామియానా నీడ చాలక కుక్కను వేదిక పక్కన ఎండలోనే పడుకోబెట్టారు. మాలతి దాని పక్కనే నేల మీద కూర్చుని పేపరుతో విసురుతోంది.

"వదినే, నువ్వు లోపలికి పోయి చాయ్ సంగతి చూడు" అన్నాడు రంజిత్ వచ్చి. "చెక్కు ఇచ్చేటప్పుడు లక్కీని పైన కూసోబెడతం. కట్టు జర ఇప్పుదామనుకుంటున్న, గాయం కనబడాలె గదా."

"కట్టు ముట్టుకుంటే ఊరుకోను" అంది మాలతి. ఆ గొంతు విని రంజిత్ కట్టు జోలికి పోలేదు. ఇంతలో లోపలి నుంచి గిన్నెలు పడ్డ చప్పుడు వినిపించి ఆమె లేచిపోయింది.

ఆమె అటు పోగానే రంజిత్ కుక్కను ఎత్తి వేదిక మీద పెట్టాడు. అది కుంటుతూ కిందికి దిగబోయింది. ఫోటోకు నిలవాలంటే కట్టేయాలి. తాడు కోసం వెతికాడు, కనిపించలేదు. దుకాణంలోకి పోయి కౌంటరు వెనక మేకుకు తగిలించి ఉన్నదాన్ని ఒకటి తెచ్చాడు. కన్ను వేసి సిద్ధంగా ఉంది కదా, పని తేలికైంది. రెండో కొసను కన్నులోంచి దూర్చి, కుక్క మెడకు వేసి, మిగిలింది గుంజకు చుట్టాడు. ఆ తెలివికి తనలో తాను మురిసిపోయి ఫోన్ పట్టుకున్నాడు.

తీగ మెడకు తగలగానే కుక్క అరిచింది. ఇన్ని రోజులూ సూదులకు అరవని కుక్క, కట్టు మార్చినప్పుడు అరవని కుక్క, ఆ తీగను గుర్తుపట్టి అరిచింది. వెనక్కి గుంజుకుంది. గుంజుకున్న కొద్దీ తీగ బిగిసింది. గుంజ ఊగి, పైన కట్టిన ఫ్లెక్సీ సగం ఊడి ముఖ్య అతిథి నెత్తిన పడింది. ఆయన కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. ముందు వరసలో కొంతమంది నవ్వారు. రంజిత్ ఫోన్ దించకుండా "ఊకో లక్కీ, ఊకో" అంటూనే వీడియో తీస్తున్నాడు. జీవదయ సేవా సంఘం సభ్యులంతా అక్కడే ఉన్నారు. కుక్క నాలుక బయటికి వచ్చేదాకా ఒక్కరికీ చెయ్యి ఆడలేదు.

మాలతి కటింగ్ ప్లేయర్ పట్టుకుని పరుగెత్తుకు వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని, మెడ వెంట్రుకల్లో వేళ్లు దూర్చి తీగను పట్టుకుని తెంపింది. కుక్క ఆమె ఒళ్లో కూలబడి ఊపిరి తీసుకుంది. ఆమె దాన్ని మెల్లగా నీడలోకి జరిపింది. తరవాత తెగిన తీగను చేతిలో పట్టుకుని లేచి మైకు దగ్గరికి నడిచింది. జీవితంలో ఎన్నడూ మైకు ముట్టుకోని మనిషి.

"అందరూ ఇటు చూడుండ్రి" అంది. తీగను అందరికీ కనిపించేలా పైకి ఎత్తింది. "గీ తీగ మా దుకాణంలది. గీ కన్ను నేను నా చేత్తోని మెలేసిన. దీని కాలికి పడ్డది గూడ నేను మెలేసిందే. పోస్టర్ల కసాయోళ్లు ఎవరో తెల్వదని రాసిండ్రు. రాయించినోళ్లకు ఆ దినమే తెలిసింది. ఇంట్ల నేనే చెప్పిన."

శ్రీనాథ్ పక్కకు వచ్చి మైకు అందుకోబోయాడు. "మా ఆవిడ జర పరేషాన్ల ఉంది, మీరేం అనుకోవద్దు" అని జనానికి చెప్పాడు.

"పరేషాన్ గాదు, సిగ్గు" అంది మాలతి, మైకు వదలకుండా. "కాలు నిలబెట్టేటందుకు జనం పైసలిచ్చిండ్రు. ఒక్క దినంల వచ్చినయి. మీరు శాలువాలు కప్పుకునేటందుకు దాన్ని ఇన్ని రోజులు కుళ్లబెట్టిండ్రు. నేను గూడ ఊకున్న, నాది గూడ తప్పే. ఏది, ఆ చెక్కు ఇయ్యుండ్రి. ఇప్పుడే పోత."

చెక్కు తలుపంత ఉంది. రంజిత్ దుకాణంలో అచ్చు కొట్టిన ఫ్లెక్సీ చెక్కు అది. ఏ బ్యాంకుకు తీసుకుపోయినా గోడకు ఆనించడం తప్ప చేసేదేమీ లేదు. అసలు చెక్కు ఎక్కడని మాలతి అడిగింది. అది ఇంకా రాయలేదని శ్రీనాథ్ మెల్లగా చెప్పాడు. అప్పటికి నవ్వులు ఆగిపోయాయి. కుర్చీల మధ్య నుంచి అంజయ్య లేచి నిలబడ్డాడు.

"ఉచ్చు పెట్టింది నేను. మా చేన్ల పడ్డది" అన్నాడు. వచ్చి కుక్కను ఎత్తుకున్నాడు. కుర్చీల్లో ఉన్న చాలామంది రైతులు తలలు దించుకున్నారు, ఎందుకంటే వాళ్ల చేన్లలోనూ ఎడమ మెలిక తీగలున్నాయి. ముఖ్య అతిథి ఆ సరికే కారెక్కాడు. శాలువా మాత్రం మరిచిపోకుండా తీసుకుపోయాడు.

పట్నం పోవాల్సిన పని లేకుండా పోయింది. నాగర్‌కర్నూల్‌లో కల్పన కట్టు విప్పి, కాలు నిలవదని చెప్పి, సెలవు రోజైనా తానే కాలు తీసి కుట్లు వేసింది. ఒక్క పైసా తీసుకోలేదు. అన్ని చందాలు, అన్ని ఫ్లెక్సీలు, అన్ని శాలువాల అవసరం అంతటితో తీరింది. కుక్క బతికింది, మూడు కాళ్లతో.

వారం తరవాత అంజయ్య దుకాణానికి వచ్చాడు. చేతిలో ఉచ్చుల కట్ట. గట్టు పొడవునా పీకి తెచ్చినవి. కౌంటరు మీద పెట్టి నిలబడ్డాడు, పోలేదు.

"తీసేసిన మాలతమ్మా. గానీ నిన్న మంద దిగింది. మూల మీద ఒక మడి మొత్తం పోయింది. కౌలు చేను, నేనేం చెయ్యాలె చెప్పు. కొందరు పాత చీరలు కడుతరు గట్ల పొంటి. గాలికి ఊగుతుంటే మనిషి ఉన్నట్టు అనుకోని పందులు రావంట. మా ఇంట్ల అన్ని చీరలు యాడియి?"

మాలతి మేకుకు మిగిలిన తీగ ముక్కలన్నీ తీసి చెత్తలో వేసి, ఇంటికి పోయి బీరువా తెరిచింది. ఆ బీరువాలో బట్టలు లేవు, సన్మానాలున్నాయి. గణేశ్ మండపాల్లో శ్రీనాథ్‌కు కప్పినవి, పదవీ విరమణ సభల్లో కప్పినవి, రక్తదాన శిబిరాల్లో కప్పినవి. ఎర్రవి, పసుపువి, జరీ అంచువి. మడత విప్పని శాలువాలు పై అర నుంచి కింది అర దాకా కూరి ఉన్నాయి. ఒక్కటీ ఎవరికీ చలి తీర్చింది కాదు. ఆమె చేతికందినవన్నీ దుప్పట్లో మూటలు కట్టి, ఆటోలో వేసుకుని గుట్ట కింది చేనుకు పోయింది.

పొద్దు వాలేలోపల అంజయ్య, అతని భార్య, మాలతి కలిసి చేను చుట్టూ కర్రలు పాతి శాలువాలు కట్టారు. రోడ్డు మీద పోయే బస్సులు నెమ్మదిగా పోయాయి. కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. జీవదయ సేవా సంఘం వ్యవస్థాపక అధ్యక్షుల ఘనత అంతా పల్లి చేను గట్టున రెపరెపలాడుతోంది. మూడు కాళ్ల కుక్క ఒక శాలువా కింద నీడలో పడుకుని ఉంది.

ఎవరో ఫోన్ చేస్తే శ్రీనాథ్ బండి వేసుకుని వచ్చాడు. గట్టు మీద నిలబడి తన శాలువాలను ఒక్కొక్కటిగా చూశాడు. మొహం ఎర్రబడింది.

"నా ఇజ్జత్ మొత్తం తీసి చేన్ల కట్టినవా?" అన్నాడు.

మాలతి పని ఆపలేదు. చివరి శాలువా కొసను ఎడమ చేత్తో కర్రకు ముడివేసింది. ఈసారి ఆమె వేసింది కొస లాగితే విడిపోయే ముడి.

"మీ ఇజ్జత్‌కు ఒక పని దొరికింది, చూసుకోండ్రి" అంది. "ఇగ మన దుకాణంల తీగ అమ్ముడు లేదు. సంఘానికి చందా ఇస్తనని ఎవరన్న వస్తే, పైసలు ఒద్దు, చేన్లల్ల ఉన్న ఉచ్చు పీక్కోని రమ్మని చెప్పుండ్రి. కాలు తెగినంక పైసలిచ్చుడు దయ గాదు. తెగకుండ చూసుడే దయ."